మా నాన్న అడ్వాన్సు పుస్తకం

(ఎస్.ఆర్. శంకరన్ గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఐఏఎస్ అధికారి శంకరన్ గారి జ్ఞాపకార్థం మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు రెండు రోజులు జవాబివ్వకుండా ఊరుకున్నాను. మొహమాటపడి కాదు. ఆయన ఉద్యోగ జీవితమంతా ఏ మనుషుల మీద చట్టం ప్రయోగించమని కింది అధికారుల వెంటపడ్డారో, ఆ మనుషుల్లో మా నాన్న ఒకడు. మా నాన్న గుంపు మేస్త్రీ. పాలమూరు జిల్లా మక్తల్ దిక్కున నాలుగైదు ఊళ్లలో ముప్పై నలభై మందిని పోగుచేసి కాలువ తవ్వకాలకు, డ్యాము పనులకు తోలుకపోయేవాడు. ‘తోలుకపోవుడు’ పశువులకు వాడే మాట. మా ఊళ్లో మనుషులకూ వాడేవాళ్లు, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు.

ఆయన పోయాక పెట్టెలో ఒక పొడుగాటి ఖాతా పుస్తకం దొరికింది. ఎర్ర గుడ్డ అట్ట. ఆలుమగలకు కలిపి ఒక పేజీ. పైన మగవాడి పేరు, పక్కన ‘ఆడమనిషితో’ అని. కింద అడ్వాన్సుగా ముట్టిన డబ్బు, తేదీ, వేలిముద్ర. ఆ తర్వాత వారం వారం ఖర్చులకిచ్చినవి, జ్వరానికిచ్చినవి, ఊళ్లో చావుకు పోయొస్తే బస్సు చార్జీ. చివర ‘బాకీ’. ‘మిగులు’ అని రాసిన పేజీలు మొత్తం పుస్తకంలో పదకొండు ఉన్నాయి. ఆడమనిషి పేరు ఒక్కచోటా లేదు. తట్ట మోసింది ఆమే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ పేజీలో మొదటి అంకె గురించే. వలస అనగానే మనకు రైలు కనపడుతుంది, రేకుల షెడ్డు కనపడుతుంది, ఎడారి కనపడుతుంది. మనిషి ఇరుక్కునేది అంతకు చాలా ముందు, సొంత గడప మీద, చేతిలో అడ్వాన్సు పడ్డప్పుడు. వలసకూలీల రక్షణ కోసం చేసిన చట్టాలు ఆ గడప దాకా ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇది పాలమూరుతో మొదలైంది కాదు. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి దశాబ్దాల పాటు ఓడలు రంగూన్‌కు తెలుగు కూలీలను మోశాయి. బర్మావాళ్లు తెలుగువాడిని ‘కోరంగి’ అనే పిలిచారు. రేవు పేరు మనిషి పేరైంది, ఆనక తిట్టు కూడా అయింది. మారిషస్‌కు, నాటాల్‌కు పోయినవాళ్లు గిర్మిట్ అనే ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి పోయారు. ఆ కాగితం ఎంత దుర్మార్గమైనదైనా, దాని మీద దొర పేరుంది, సర్కారు ముద్ర ఉంది. బర్మాకు పోయినవాడికి అదీ లేదు. చట్టం లెక్కలో అతడు తన ఇష్టంతో టికెట్టు కొనుక్కుని ఓడెక్కిన ప్రయాణికుడు. టికెట్టు డబ్బు మేస్త్రీది. రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి డబ్బు మొదట పెద్ద మేస్త్రీ చేతిలో పడేది. అక్కడి నుంచి గుంపు మేస్త్రీకి, అతడి నుంచి కూలీకి. ప్రతి చేతికీ కొంత అంటుకునేది. రంగూన్‌లో పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మేస్త్రీ పద్ధతిని విడమరిచి రాశాడు. చదువుతుంటే మా నాన్న పుస్తకానికే ఎవరో ఇంగ్లీషులో వ్యాఖ్యానం రాసినట్టుంది.

1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల సరుకు దింపించే కంపెనీలు బర్మా కూలీలను తెచ్చిపెట్టాయి. సమ్మె తెగగానే వాళ్లను పొమ్మని, తెలుగువాళ్లను మళ్లీ పనిలోకి తీసుకున్నాయి. పని పోయిన బర్మా కూలీల కడుపుమంట తెలుగువాళ్ల మీదికి మళ్లింది. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఇద్దరు పేదలను ఒకరి మీదికొకరిని ఎగదోసిన కంపెనీల వ్యాపారం యథాప్రకారం సాగింది. 1942లో జపాన్ దాడితో లక్షల మంది కొండలూ అడవులూ పట్టి నడిచి వచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. మిగిలినవాళ్లలో చాలామంది 1960లలో వెళ్లగొడితే వచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు వినే ఉంటారు. పొట్టకూటికి సముద్రం దాటినవాళ్లు కాందిశీకులై తిరిగొచ్చిన చోటు అది.

మళ్లీ మా వైపుకు వస్తాను. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది మా తంగిడి దగ్గరే. నీళ్లు మా ఊళ్ల పక్కనుంచే పోయాయి. ఆ నీళ్లకు కట్టలు కట్టడానికి మేం నాగార్జునసాగర్ నుంచి దేశం నాలుగు మూలలా తిరిగాం. ‘పాలమూరు లేబర్’ అంటే కాంట్రాక్టర్ల నోట సిమెంటు, కంకర లాగా అదొక సరుకు పేరు. మన్ను పనికి మీ వాళ్ల తర్వాతే ఎవరైనా అని ఒక పెద్ద ఇంజనీరు నాతో మెచ్చుకోలుగానే అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. సరుకు నాణ్యత గురించి చెబుతున్నాడు.

ఒక ఏడు ఒక జంట రాత్రికి రాత్రి పని వదిలి పారిపోయింది. కాంట్రాక్టరు ఆ అడ్వాన్సును మా నాన్న లెక్కలో కోసుకున్నాడు. నాన్న వాళ్ల ఊరికి పోయి, ఇంట్లో ఎవరూ లేకపోతే ఇత్తడి బిందె పట్టుకొచ్చాడు. మా అమ్మ ఆ బిందెతో ఒక్కరోజు నీళ్లు తేలేదు. అటక మీద బోర్లించి ఉంచింది. ‘నా కడుపు మీద కొట్టిండ్రు, నేనేం జెయ్యాలె’ అని నాన్న అనేవాడు. అదీ నిజమే. ఆయన చేతికొచ్చిన డబ్బు కూడా అడ్వాన్సే. పైవాడు ఆయనను కట్టేశాడు, ఆయన కిందివాళ్లను కట్టేశాడు. మేస్త్రీ ఒక్కణ్నీ రాక్షసుణ్ని చేసి మాట్లాడేవాళ్ల మాట నాకు సగమే ఎక్కుతుంది. పైవాడి పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు.

1975 అక్టోబరులో వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు వచ్చింది. 1976లో చట్టమైంది. ఆంధ్రప్రదేశ్‌లో సాంఘిక సంక్షేమ కార్యదర్శిగా శంకరన్ గారు ఆ చట్టం పట్టుకుని ఊరూరా తిరిగారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషిగా ఆయనను అందరూ గుర్తుచేసుకుంటారు. నాకు మాత్రం ఆయన పేరు చెబితే ఆ చట్టంలోని రెండు సెక్షన్లే గుర్తొస్తాయి. రెండో సెక్షన్ ప్రకారం, తీసుకున్న అడ్వాన్సు కారణంగా ఒక మనిషి కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయాల్సి వచ్చినా, మరో పనికి పోయే స్వేచ్ఛ పోయినా, ఇష్టమొచ్చిన చోటికి కదిలే స్వేచ్ఛ పోయినా అది వెట్టే. మెడకు గొలుసు ఉండనక్కర్లేదు. పదిహేనో సెక్షన్ ఇంకా గట్టిది. ఇది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు.

సుప్రీంకోర్టు దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకుపోయింది. ఢిల్లీ ఏషియాడ్ కట్టడాల కూలీల కేసులో 1982లో, కనీస వేతనం కంటే తక్కువకు చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమే అంది. ఆ మరుసటి ఏడు ఫరీదాబాద్ రాతి క్వారీల కూలీల గురించి బంధువా ముక్తి మోర్చా వేసిన కేసులో జస్టిస్ భగవతి, నిర్బంధ శ్రమ అని తేలితే దాని వెనక అడ్వాన్సు ఉందనే అనుకోవాలి, లేదని యజమానే చూపించుకోవాలి అన్నారు. అంటే చట్టానికి అడ్వాన్సు సంగతి తెలియక కాదు. ఈ దేశంలో వలసకూలీకి ఇంతకంటే పదునైన ఆయుధం నేనింకా చూడలేదు.

అయితే వలసకూలీ పేరు చెప్పి మనం తీసింది వేరే ఆయుధం. ఒడిశాలో అడ్వాన్సు మీద పోయే దాదన్ కూలీల గోడు దేశం దృష్టికి వచ్చాక 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్, ప్రయాణ భత్యం, ఇల్లు వదిలి వచ్చినందుకు స్థానచలన భత్యం. ఆ భత్యం ఎంతో తెలుసా? నెల జీతంలో సగం, లేదా 75 రూపాయలు, రెంటిలో ఏది ఎక్కువైతే అది. ఆ 75 రూపాయలు నలభై ఏళ్లు చట్టంలో అలాగే కూర్చున్నాయి. ఎవరూ ఇవ్వని డబ్బును పెంచాలని ఎవరికి తోస్తుంది? ముప్పై ఏళ్ల నా వకాల్తాలో ఆ పాస్‌బుక్ కూలీ చేతిలో నేను చూసింది రెండుసార్లే.

ఆ చట్టం మనిషి కష్టాన్ని చూడలేదు, అతడు దాటిన సరిహద్దును చూసింది. పశ్చిమ కర్నూలులో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు జనం పంటలు ఎండిపోగానే ‘సుగ్గి’కి పోతారు. గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి తీతకు. ఇంటికి తాళం పెట్టి, ముసలివాళ్లను వదిలి, పిల్లలను లారీ ఎక్కించుకుని పోతారు. పిల్లలు బడి మానకుండా ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెట్టింది, బాగానే ఉంది. కానీ గుంటూరు చేలల్లో గుడారం వేసుకున్న కోసిగి కూలీ వలస కార్మికుడు కాడు, ఎందుకంటే రాష్ట్రం దాటలేదు. అదే గుంటూరులో కట్టడం పనికొచ్చిన మా పాలమూరు కూలీ 2014 జూన్ 1 రాత్రి వలస కార్మికుడు కాకుండా నిద్రపోయాడు, జూన్ 2 ఉదయం అంతర్రాష్ట్ర వలస కార్మికుడై లేచాడు. పక్క మీంచి కూడా కదల్లేదు. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్ తనంతట తాను వచ్చిన కూలీని కూడా కలుపుకుంది, అది మంచి మార్పే. అయితే పాత చట్టానికి ఐదుగురు కూలీలు సరిపోయేవాళ్లు, దీనికి పదిమంది కావాలి.

మనం పోయేవాళ్లమే కాదు, రప్పించుకునేవాళ్లం కూడా. పెద్దపల్లి, రంగారెడ్డి, యాదాద్రి వైపు ఇటుక బట్టీలు చూడండి. బలాంగీర్, నువాపడా, కలహండి జిల్లాల నుంచి వస్తారు. అక్కడ నువాఖాయ్ పండుగ సమయంలో సర్దార్లనే మేస్త్రీలు అడ్వాన్సులు పంచుతారు. చేతిలో పైసా లేని, పండుగ చేసుకోక తప్పని రోజులు చూసి పంచుతారు. దీపావళి అటూఇటుగా కాంటాబంజి స్టేషన్‌లో రైళ్లెక్కుతారు. ఒక కుటుంబం ఒక లెక్క. మట్టి తొక్కేవాడొకడు, అచ్చు వేసేవాడొకడు, ఇటుకలు తిప్పి ఆరబెట్టడానికి చేతులు కావాలి కాబట్టి పిల్లలు. వెయ్యి ఇటుకలకు ఇంత అని రేటు. వానలు దిగే దాకా, అంటే మే, జూన్ దాకా లెక్క తేల్చరు. మధ్యలో పోతానంటే ‘బాకీ కట్టి పో’ అంటారు. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో బడులు నడిపిన మంచి అధికారులూ మనకున్నారు. కానీ ఆ బడికి పోయిన పిల్లవాడు ఆ రోజు తిప్పని ఇటుకలు తల్లి లెక్కలో తగ్గుతాయి.

2013 డిసెంబరులో, ఒడిశాలో, అడ్వాన్సు గొడవలో ఇద్దరు కూలీల అరచేతులు నరికారు. మిగతావాళ్లు తప్పించుకుపోతే దొరికిన ఇద్దరి మీద ఆ కసి తీర్చుకున్నారు. ఇంకో దేశం, ఇంకో కాలం కథలా ఉంటుంది. మొన్నటి మాట.

ఒకసారి ఒక బట్టీ నుంచి పద్నాలుగు కుటుంబాలను విడిపించమని ఒక డివిజన్ కార్యాలయంలో అర్జీ పెట్టాం. అక్కడి అధికారి చెడ్డవాడు కాడు. కూలీలందరినీ చెట్టు కింద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇప్పించాడు. ‘నిన్నెవరైనా బలవంతంగా తెచ్చారా?’ అని ఒక్కొక్కరినీ అడిగాడు. లేదన్నారు. ‘అడ్వాన్సు తీసుకున్నావా?’ తీసుకున్నామన్నారు. ‘ఇష్టపడి వచ్చారు, డబ్బు కూడా తీసుకున్నారు, ఇందులో వెట్టి ఎక్కడుంది?’ అని ఫైలు మూశాడు. ఏ జవాబుతో చట్టం ప్రకారం కేసు మొదలవ్వాలో, ఆ జవాబుతోనే ముగిసింది. విముక్తి పత్రాలు రాలేదు. 2016 నాటి కేంద్ర పథకం కింద విముక్తుడికి లక్ష నుంచి మూడు లక్షల దాకా పునరావాస సాయం ఉంది. అందులో తక్షణ సాయం పోను మిగతాదంతా యజమానికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. పత్రమే రానివాడికి ఆ ముడి దాకా పోయే పనే లేదు.

2020 లాక్‌డౌన్ గురించి ఎక్కువ చెప్పను, మీరందరూ కళ్లారా చూశారు. దేశంలో మొదటి శ్రామిక్ రైలు మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచే హతియాకు బయలుదేరింది. రెండు రోజుల ముందు సంగారెడ్డి జిల్లా కంది దగ్గర కూలీలు ఇళ్లకు పంపమని తిరగబడిన సంగతి దానికి ముందుమాట. అంతకు పది పన్నెండు రోజుల ముందే, ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్ బీజాపూర్‌కు అడవి దారిన నడిచిన పన్నెండేళ్ల పాప మూడో రోజు ఇంటికి కొద్ది దూరంలో కుప్పకూలి చనిపోయింది. ఆ పాప ఏ రిజిస్టరులోనూ లేదు. పన్నెండేళ్ల పిల్లను ఏ యజమాని రిజిస్టరులో రాస్తాడు? దారుల్లో ఎంతమంది వలసకూలీలు చనిపోయారని ఆ సెప్టెంబరులో లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్క లేదని కేంద్ర కార్మిక శాఖ జవాబిచ్చింది. ఇళ్లకు తిరిగి వెళ్లినవాళ్లు కోటికి పైగా అని మాత్రం చెప్పగలిగింది. సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. పేరు నమోదైంది. అడ్వాన్సు నమోదు కాలేదు.

ఇక గల్ఫ్. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని ఉత్తర తెలంగాణ బతుకును మూడు మాటల్లో చెప్పుకున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఊళ్లలో కువైట్ పోయినా, మస్కట్ పోయినా దుబాయి పోయిండనే అంటారు. ఇక్కడ అడ్వాన్సు తలకిందులైంది. మేస్త్రీ కూలీకి ఇవ్వడు, కూలీయే ఏజెంటుకిస్తాడు, వడ్డీకి తెచ్చి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్న ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ కంటే పైసా ఎక్కువ తీసుకోకూడదు. ఊళ్లో లక్షకు తక్కువ మాటే లేదు. ఎందుకంటే లైసెన్సు ఉన్నవాడు నగరంలో ఆఫీసులో ఉంటాడు, డబ్బు తీసుకునేవాడు ఊళ్లో మన బావమరిదో, పక్కింటి అన్నో. చట్టం ఆ సబ్ ఏజెంటును గుర్తించదు. గుర్తించని మనిషిని శిక్షించేదెలా? అక్కడ దిగాక పాస్‌పోర్టు వీసా ఇచ్చిన కఫీల్ అనే యజమాని బీరువాలోకి పోతుంది. చెప్పిన జీతం రాదు, మరో చోట పనికి పోతే కల్లివెల్లి. అరబ్బీలో ‘పోనీలే’ లాంటి ఆ మాటను మనవాళ్లు కాగితాలు లేని మనిషికి పేరుగా పెట్టుకున్నారు. పొరుగు దేశంలో తన పేరు తానే ‘పోనీలే’ అని చెప్పుకోవాల్సి రావడం కంటే దిక్కులేనితనం ఏముంటుంది?

కడప, కోనసీమ ఆడవాళ్ల సంగతి ఇంకోరకం. ఇంటిపనికి పోయే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండాలని నియమం. 2016 నుంచి ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే పంపాలన్నారు. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రకు ఓమ్‌క్యాప్ ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. కానీ అప్పు వయసు చూసి రాదు. ఇరవై ఆరేళ్ల మనిషి విజిట్ వీసా మీద, చుట్టుదారిన పోతుంది. ఆ దారిన పోయినదానికి మన రాయబార కార్యాలయం దగ్గర ఒప్పంద పత్రం ఉండదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేక చట్టం చేసింది, వారానికో రోజు సెలవు, పన్నెండు గంటలకు మించని పని అని రాసుకుంది. ఆ సెలవును అడగాలంటే మొదట తానెవరో చెప్పుకునే కాగితం కావాలి. ఆపితే ఆగుతారనుకున్న రక్షణ ఆడవాళ్లను ఆపలేదు. కాగితాన్ని మాత్రం వాళ్ల దగ్గరికి రాకుండా ఆపింది.

2024 జూన్ 12న కువైట్ మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 45 మంది భారతీయులు చనిపోయారు, ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. విమానంలో శవపేటికలు వచ్చాయి, నాయకులు ఎదురెళ్లారు. అలాంటి రోజు లోకం చూస్తుంది. మిగతా రోజుల్లో ఒక్కొక్కటిగా వచ్చే పెట్టెలను ఆ ఊరే చూస్తుంది. ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదంలో చనిపోతే 10 లక్షలిస్తుంది. ఎండలో పనిచేసి వచ్చి రాత్రి మంచం మీద పోయినవాడి కాగితంలో గుండె ఆగిందని రాస్తారు. అది ప్రమాదం కాదు. తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షలిచ్చే పద్ధతి పెట్టడం ఈ వెలితిని కొంత పూడ్చింది, ఒప్పుకోవాలి. ఆ 5 లక్షల్లో ఏజెంటు కోసం తెచ్చిన అప్పు ఎంత మింగుతుందో మాత్రం ఎవరూ లెక్క కట్టలేదు.

మరి ఏం చేయాలంటారు? వలస పోవద్దని నేననను. మా తాత పోయాడు, మా నాన్న పోయాడు, మా అన్న కొడుకు ఇప్పుడు దోహాలో ఉన్నాడు. పోవడంలో తప్పు లేదు. పోయేవాడి జేబులో అప్పు లేకుండా చూడటమే రక్షణ అని నా అభిప్రాయం. 2005 నాటి ఉపాధి హామీ చట్టం చాలా ఊళ్లలో వలసను తగ్గించింది, కళ్లతో చూశాను. ఎక్కడ తగ్గించలేదంటే, చేతిలో ముందు డబ్బు కావాల్సిన చోట. ఉపాధి హామీ పని చేశాక పదిహేను రోజుల్లో ఇస్తానంది. మేస్త్రీ పని చేయకముందే, దసరాకు ముందే ఇస్తాడు. పెళ్లికి, ఆసుపత్రికి, పండుగకు వడ్డీలేని చిన్న అప్పు పొదుపు సంఘం నుంచి ఆ నెలలోనే దొరికితే మేస్త్రీ దగ్గరికి ఎందుకు పోతారు? రెండో సంగతి, అడ్వాన్సు ఎవరి డబ్బో వాడి పేరు పంచాయతీలో రాయించాలి. మేస్త్రీ పేరు కాదు, పైవాడి పేరు. మా నాన్న పుస్తకంలో లేని పేర్లలో అదొకటి.

శంకరన్ గారు చట్టాలు కొత్తవి అడగమని ఎప్పుడూ చెప్పలేదట, ఉన్నవి తెరిచి చదవమనేవారట. ఆయనతో పనిచేసినవాళ్లు చెప్పగా విన్నాను. అందుకే ఇక్కడున్న న్యాయ విద్యార్థులకు ఒక పని అప్పగించి దిగిపోతాను. వెట్టి రద్దు చట్టం పదమూడో సెక్షన్ కింద ప్రతి జిల్లాకు, ప్రతి డివిజన్‌కు ఒక విజిలెన్స్ కమిటీ ఉండాలి. మీ డివిజన్‌లో ఆ కమిటీ ఉందా, సభ్యులెవరు, చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు, ఎన్ని విముక్తి పత్రాలు ఇచ్చారు, ఈ నాలుగు ప్రశ్నలు సమాచార హక్కు కింద రాసి ఆర్డీవో కార్యాలయంలో ఇవ్వండి. ఫీజు పది రూపాయలు. జవాబుకు గడువు ముప్పై రోజులు. జవాబులు వచ్చాక నాకు చెప్పండి, వకాలత్‌నామాలు పట్టుకుని నేనే వస్తాను.